మూడో సైరన్ పట్టు

పొద్దున్న ఐదున్నరకి కుళాయి దగ్గరికి వెళ్ళేటప్పుడు అప్పలకొండమ్మ బిందె మరిచిపోయిన రోజులున్నాయి గానీ, ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకోకుండా తిరిగొచ్చిన రోజు ఒక్కటీ లేదు.

ఆప్యాయంగా పట్టుకోవడం కాదు. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి, కుడి మణికట్టు మీద ఉడుంపట్టు వేసి, చెవి దగ్గర "ఇడిపించుకో!" అంటుంది. కలకత్తా ఖిదిర్‌పూర్ ఓడరేవులో డాకు కూలీలుండే ఇళ్ళ లైన్లలో ఆమె చేతికి చిక్కని ఆడమనిషి లేదు. బిందె నిండి నీళ్ళు కాళ్ళమీదుగా పోతున్నా సరే, పొయ్యిమీద పాలు పొంగిపోతాయని మొత్తుకున్నా సరే, విడిపించుకున్నాకే వదులుతుంది. అది కూడా ఎడమచేత్తో విడిపించుకోవాలి. కుడిచెయ్యి గింజుకుని లాక్కుంటే లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటినుంచి.

"ఒగ్గీయే అప్పా, డూటీకి టైమైపోతంది," అని పక్కింటి అమ్మన్నమ్మ బతిమాలేది.

"సోల్జరు నీకు టైమిస్తాడేటి?"

"సోల్జర్లు ఎల్లిపోయి యాభై యేల్లయిందే!"

"ఎల్లిపోనారని నీకు సెప్పి ఎల్లేరేటి?"

అమ్మన్నమ్మ బిందె దించి ఎడమచెయ్యి తెచ్చేది.

అందరికన్నా ఎక్కువసార్లు దొరికిపోయింది కోడలు జగ్గమ్మ. లైన్లలో వాళ్ళకి కుళాయి దగ్గర ఒక్కపూటే గండం. జగ్గమ్మకి అన్నం వారుస్తుంటే ఒకసారి, బట్టలు ఆరేస్తుంటే ఒకసారి, ఆస్పత్రిలో ఆయా డ్యూటీ చేసి మధ్యాహ్నం మూడింటికి కాళ్ళీడ్చుకుంటూ గుమ్మంలోకి వస్తే మరోసారి. చెప్పులు విప్పకముందే చెయ్యి చాపి ఇచ్చేసేది జగ్గమ్మ, బస్సు పాసు చూపించినట్టు. అలా ఇచ్చేస్తే అప్పలకొండమ్మకి నచ్చేది కాదు. "అలా మెత్తగా ఇస్తే పట్టుకున్నోడికేటి బయం?" అనేది.

జగ్గమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది డెబ్బై ఏడులో, బెంగాల్లో వామపక్ష ప్రభుత్వం వచ్చిన ఏడు. సోంపేట దగ్గర పల్లెటూరునుంచి రాత్రంతా రైల్లో కూర్చుని, హౌరా వంతెన దాటి, పసుపుబట్టల్లో నిద్రమొహంతో గుమ్మం ముందు నిలబడింది. హారతి పళ్ళెం అమ్మన్నమ్మ చేతిలో వెలుగుతోంది. కుడికాలు గడపమీద పెట్టబోయేసరికి అత్తగారు ముందుకొచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఇడిపించుకో!"

కలకత్తాలో ఇలాగే చేస్తారు కాబోలు అనుకుంది జగ్గమ్మ. ఖాళీగా ఉన్న చేత్తో అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

"కాళ్ళకి దణ్ణం పెడితే ఒగ్గుతాడేటి ఆడు?"

"ఎవుడత్తా?"

"ఎవుడో ఒకడు!"

కర్పూరం కొండెక్కింది. మళ్ళీ వెలిగించారు. అదీ కొండెక్కింది. మూడోసారి వెలిగించేలోపల కొత్తకోడలు ఎడమ బొటనవేలు ఎక్కడ నొక్కాలో తెలుసుకుని ఇంట్లోకి వచ్చింది. "ఇక్కడ గుమ్మంలో పరీక్ష పెడతారు. మూడోసారికి పాసయ్యాను," అని తల్లికి ఉత్తరం రాయించింది. అది కలకత్తా ఆచారం కాదనీ, అత్తగారి ఆచారమనీ తెలిసేసరికి నెల పట్టింది.

జగ్గమ్మ భర్త గవరయ్య డాకుల్లో క్రేను మీద పని. మంచివాడు, మాట తక్కువ. ఇంట్లో ఉన్నంతసేపూ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని తిరుగుతాడు. తల్లిముందు ఎంత వినయమో అని చూసినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. వినయమేమీ కాదు, నమూనాకి మగవాడు కావాలంటే ఆ ఇంట్లో ఉన్నది వాడొక్కడే.

ఇంట్లోవాళ్ళంటే సరే. ఒకసారి ఎస్ప్లనేడునుంచి వస్తున్న మినీబస్సులో కండక్టరు టికెట్టు ఇవ్వబోయి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి చాపినట్టే అప్పలకొండమ్మ చేతిలో ఉండిపోయింది.

"మాషీ, ఛాడున్!" అన్నాడు కండక్టరు, పిన్నీ వదలమని.

"అలా బతిమాల్తే ఎవుడూ ఒగ్గడు బాబూ. ఎడంసెయ్యి ఇలా తే. బొటనేలు కింద నొక్కు. ఇంకా కిందికి. అదీ!"

ఆమె తెలుగులోనే చెప్పింది, అతను బెంగాలీలోనే నేర్చుకున్నాడు. వెనక సీట్లో కాలేజీ అమ్మాయిలిద్దరు మళ్ళీ ఒకసారి చూపించమన్నారు. వాట్‌గంజ్ దగ్గర బస్సు ఆపి డ్రైవరు కూడా వచ్చి చూశాడు. జగ్గమ్మ ఆ ముసలమ్మ ఎవరో తనకి తెలియనట్టు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత ఆ కండక్టరు అప్పలకొండమ్మని చూస్తే టికెట్టు సీటుమీద పెట్టి రెండడుగులు వెనక్కి వెళ్ళిపోయేవాడు.

ఇంకా ఘోరం జగ్గమ్మకే జరిగింది. ఒక చలికాలం జ్వరం వచ్చి, పనిచేసే ఆస్పత్రిలోనే డాక్టరుకి చూపించుకుంది. ఆయన నాడి చూద్దామని మణికట్టు పట్టుకున్నాడు. జ్వరంలో ఆమె మనసు ఎక్కడో ఉంది, ఎడమ బొటనవేలు మాత్రం డ్యూటీలోనే ఉంది. మరుక్షణం డాక్టరు తన చెయ్యి తనే పట్టుకుని "ఊఁ" అంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. "జ్వరం సంగతి తర్వాత చూద్దాం. ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"నేర్చుకోలేదు బాబూ, పెళ్ళయింది," అంది జగ్గమ్మ.

ఈ పిచ్చికి ఒక చరిత్ర ఉంది. అది అప్పలకొండమ్మే చెప్తుంది, అడగకపోయినా చెప్తుంది. చెప్పేటప్పుడు వినేవాళ్ళ చెయ్యి ఆమె చేతిలోనే ఉంటుంది కాబట్టి మధ్యలో లేచిపోవడం కుదరదు.

యుద్ధం రోజులు. అప్పటికి ఆమెకి ఇరవై. జపాను విమానాలు వస్తాయని ఊరంతా దీపాలార్పేశారు. వీధి దీపాలకి నల్ల తొడుగులు. మొదటి సైరన్‌కే సగం మంది కూలీలు ఊళ్ళకి పారిపోయారు, మిగిలిన సగానికి డాకుల్లో డబుల్ డ్యూటీ. లైన్లలో ఆడవాళ్ళే మిగిలారు. సందు మొగలో ఏ దేశంవాళ్ళో తెలియని సిపాయిలు. బియ్యం క్యూలో భుజం తగిలించుకుంటూ తిరిగే పెద్దమనుషులు. ఆ రోజుల్లో ఏదో మహిళాసమితి తరఫున నిభారాణి అనే బెంగాలీ అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తెల్లచీర కొంగు నడుముకి బిగించి, లైన్ల వెనక ఖాళీ జాగాలో రోజూ పొద్దున్న ఆడవాళ్ళకి పట్లు నేర్పడం మొదలుపెట్టింది.

అప్పలకొండమ్మ ఆ పట్లకి సైరన్ల పేర్లు పెట్టుకుంది. ఏ సైరన్ మోగిన మర్నాడు నేర్చుకుంటే దానికి ఆ పేరు. మొదటి సైరన్ పట్టంటే పట్టు కాదు, అరుపు. పొట్టలోంచి రావాలి. రెండో సైరన్‌ది వీపు గోడకి ఆనించి నిలబడడం, వెనకనుంచి ఎవడూ రాకుండా. మూడోది మణికట్టు విడిపించుకోవడం. నాలుగోది మడిచిన గొడుగుతో పొడవడం. ఐదోది గుప్పిట్లో బూడిద పట్టుకుని నడవడం. ఆరో సైరన్‌కి నిజంగానే డాకుల మీద బాంబులు పడ్డాయి కాబట్టి ఆ మర్నాడు క్లాసు లేదు.

"బూడిదెందుకు మామ్మా? కారం అయితే ఇంకా మండుతుంది కదా?" అని అడిగేవాళ్ళు పిల్లలు.

"ఒలమ్మా, ఆ కరువు యేడు తినడానికే కారం నేదు, ఆడి కళ్ళకెక్కడ తెస్తావు? పొయ్యిలో బూడిదే. అదీ తక్కువే. వొండితే కదేటి బూడిద."

అంతవరకూ బాగానే ఉండేది. ఎడమచెయ్యి దగ్గరే వచ్చేది పేచీ. ఆమె దగ్గర గొడుగు ఎడమచేత్తో పట్టాలి. బూడిద ఎడమ గుప్పిట్లో ఉండాలి. ముందుకి వేసే అడుగు కూడా ఎడమదే. అలవాటై ఆడపిల్లలు ఇళ్ళలో ఎడమచేత్తో ఉప్పు అందించేవాళ్ళు, ఎడమచేత్తో అక్షింతలు వేసేవాళ్ళు. తల్లులు కట్టకట్టుకుని జగ్గమ్మ మీద పడేవాళ్ళు. జగ్గమ్మకి వాళ్ళతో పోట్లాడే ఓపిక ఉండేది కాదు. "నాకు చెప్పకండమ్మా. నా సంగతే చూసుకోలేకపోతున్నాను," అనేది.

ఎడమచేతికి కారణం లైన్లలో అందరికీ తెలిసిందే. అప్పలకొండమ్మకి అప్పట్లో బెంగాలీ ముక్క రాదు. దీదీకి, అంటే నిభారాణికి, ఎదురుగా నిలబడి చూసి నేర్చుకుంది. దీదీ కుడిచెయ్యెత్తితే అద్దంలో బొమ్మలాగా ఈవిడ ఎడమచెయ్యెత్తింది. అది తప్పని దీదీ చెప్పినా అర్థమై ఉండదు. ఆ తప్పే యాభై ఏళ్ళుగా నడుస్తోంది. ఇది యూనియన్ సెక్రటరీ పోలిరాజు కనిపెట్టిన సంగతి. చెప్పిన ప్రతిసారీ అద్దం ముందు నిలబడినట్టు అభినయించి మరీ చెప్పేవాడు. జగ్గమ్మ కూడా అదే నిజమనుకునేది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి లైన్ల మధ్య జాగాలో అప్పలకొండమ్మ క్లాసు. ఒకప్పుడు పధ్నాలుగుమంది ఆడపిల్లలు వచ్చేవాళ్ళు. తొంభై మూడు నాటికి నలుగురే మిగిలారు. ఎదురుగా టీ దుకాణం వచ్చింది, బెంచీలు వచ్చాయి, బెంచీల మీద మగవాళ్ళు వచ్చారు. ఆడపిల్ల అడుగు వేస్తే ఈల, చెయ్యి తిప్పితే చప్పట్లు. తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించేశారు.

ఏ ఆదివారమూ మానని మనిషి ఒక్కతే, కాసులమ్మ. అప్పలకొండమ్మ ఈడుదే. పద్ధెనిమిదేళ్ళప్పుడు బడ్జ్ బడ్జ్‌లో ఒక జూటుమిల్లు యంత్రం ఆమె కుడిచేతి వేళ్ళు మూడు తీసుకుంది. మిల్లువాళ్ళు పని మానిపిస్తే ఈ లైన్లకొచ్చి, అప్పలకొండమ్మ పక్కగదిలో ముప్ఫై ఏళ్ళుంది. తర్వాత కొడుక్కి బడ్జ్ బడ్జ్‌లోనే ఆయిలు డిపోలో పని దొరికి అక్కడికి వెళ్ళిపోయింది. అయినా ఆదివారం వచ్చేసరికి గంటన్నర బస్సులో నిలబడి వచ్చేది. కుడిచెయ్యి ఎప్పుడూ కొంగులోనే. పిల్లలడిగితే ఆ వేళ్ళు జపాను బాంబు తీసుకుపోయిందని చెప్పేది. అప్పలకొండమ్మ పక్కనుంచి "నాను సూసేను," అని సాక్ష్యం చెప్పేది. క్లాసు జరుగుతున్నంతసేపూ అరుగుమీద కూర్చుని, కిళ్ళీ నములుతూ, తప్పుచేసిన పిల్లని ఎడమచేత్తో సరిచేసేది.

లైన్ల చివర యూనియన్ గది ఒకటి ఉంది. తలుపులున్నాయి, కిటికీలున్నాయి, వాడేవాళ్ళు లేరు. అది క్లాసుకి ఇమ్మని అప్పలకొండమ్మ అడిగింది. క్యారం బోర్డు పెట్టుకుంటామని టీ బెంచీ మగవాళ్ళూ అడిగారు. పోలిరాజు రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకుని తల గోక్కున్నాడు.

"అప్పా, నీమీద గౌరవం నేదని కాదు. అద్దంలో సూసి నేర్సుకున్న ఇద్యకి గదిచ్చేనంటే పైనోల్లు నన్నడుగుతారు. రుజువేటి?"

"ఇలా రా, సెయ్యి తే, రుజువు సూపిస్తాను."

పోలిరాజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కానీ మంచివాడే, వెతికించాడు. నిభారాణి భవానీపూర్‌లో తమ్ముడింట్లో ఉందని తెలిసింది. డెబ్బై అయిదేళ్ళు. డాకుల మీద బాంబులు పడి డిసెంబరుకి యాభై ఏళ్ళవుతుంది కాబట్టి చిన్న సభ పెడదాం, ఆవిడని పిలుద్దాం అన్నాడు. "అందరిముందూ సేసి సూపించు. 'ఇది నా ఇద్యే' అని ఆవిడంటే గది మీది. కాదంటే క్యారమోల్లది. మల్లీ నా దగ్గరికి రాకండి."

ఆరోజునుంచి అప్పలకొండమ్మ కుళాయి దగ్గర కూడా మనసుపెట్టి పట్టుకోలేదు. అన్నం కెలికి వదిలేసేది. ఒకసాయంత్రం బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి, "గదొస్తే ఆడగుంటలు మల్లీ వొస్తారే జగ్గీ. తలుపేసుకుంటే ఎవుడూ నవ్వడు," అంది. అంత మెల్లగా ఆమె మాట్లాడగా జగ్గమ్మ పదహారేళ్ళలో వినలేదు.

జగ్గమ్మకి తన భయం తనకుంది. గది రాకపోతే క్లాసు పోతుంది. క్లాసు పోతే లైన్లలో ఉన్న మణికట్లన్నిటి బాకీ తన ఒక్కదాని చెయ్యి తీర్చాలి. అందుకని చనువు చేసుకుని అడిగింది.

"అత్తా, ఆ ఒక్కరోజూ కుడిసేత్తో సేసీ. దీదీ నేర్పినట్టు."

"కుడిది నాకు రాదు."

"పోనీ నేర్సుకో. నెల్రోజులుంది కదా."

"డెబ్బయ్యో యేట నేర్సుకుంటానేటి? ఎల్లి కూరకి సూడు, మాడతంది."

కూర నిజంగానే మాడుతోంది.

సభ ఆదివారం పదింటికన్నారు, పన్నెండుకి మొదలైంది. రెండు బల్లలు జతచేసి స్టేజీ, పైన డాకు టార్పాలిను. మైకు చాలాసేపు "హలో" తప్ప మరోమాట పలకలేదు. పోలిరాజు యుద్ధానికి కారణాలనుంచి మొదలుపెట్టాడు. యుద్ధం మొదలయ్యేలోపల ముందు వరసలో ముగ్గురు నిద్రపోయారు. ఆ వరసలోనే కాసులమ్మ, ఒళ్ళో గుడ్డసంచీ, కొంగులో చెయ్యి. వెనక వరసలో క్యారంవాళ్ళు, బోర్డు కూడా మోసుకొచ్చేశారు. ఆ పొద్దున్నే డ్యూటీ మార్చుకుని, నిలబడి నిలబడి వాచిన పాదాలతో జగ్గమ్మ స్టేజీ ఎక్కింది. పట్టుకునే సిపాయి వేషం తనదే.

నిభారాణి టాక్సీ దిగింది. సన్నటి మనిషి, దళసరి కళ్ళద్దాలు, చేతికర్ర. దండ వద్దంది, స్టేజీ మీద కుర్చీ తీసుకుంది. "ఊఁ, చెయ్యమ్మా," అంది బెంగాలీలో.

అప్పలకొండమ్మ చేసింది. అరుపుకి నిద్రపోతున్న ముగ్గురూ లేచి కూర్చున్నారు. గొడుగుకి మైకు పడిపోయింది. మూడో సైరన్ పట్టుకి జగ్గమ్మ అత్తగారి కుడి మణికట్టు పట్టుకుంది, ఆమె ఎడమ బొటనవేలు దిగింది, జగ్గమ్మ మోకాళ్ళ మీదికి వచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు. నిభారాణి కొట్టలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

"నేను నేర్పింది కుడిచెయ్యి. అడుగూ కుడిదే. ఇది బాగుంది కానీ, నాది కాదు. ఈవిడ నా దగ్గర నేర్చుకోలేదు."

వెనక వరసలో బోర్డు మీద బిళ్ళలు గలగలమన్నాయి. పోలిరాజు, నేను చెప్పలేదా అన్నట్టు, గాల్లో అద్దం ముందు నిలబడ్డాడు.

"అత్తా," అంది జగ్గమ్మ మోకాళ్ళ మీదనుంచే, ఏడుపుగొంతుతో. "ఒక్కసారి కుడిసేత్తో సెయ్యే. నీకు దణ్ణం పెడతాను. గది పోతాదే."

అప్పలకొండమ్మ ముందు వరసకేసి చూసింది. తర్వాత నేలకేసి చూసింది.

"పోనీ," అంది. "నాకు రాదు."

నిభారాణి కర్ర తీసుకుని లేచింది. అప్పలకొండమ్మ పక్కనుంచి మెట్టు దిగబోతూ, ఎవరూ అనుకోకుండా, కర్ర వదిలేసి ఆమె ఎడమ మణికట్టు ఒడిసి పట్టుకుంది. "ఛాడాఓ!" అంది, విడిపించుకో అని.

ఈ జబ్బు ఎవరినుంచి అంటుకుందో లైన్లవాళ్ళకి ఆ క్షణంలో తెలిసింది.

ఎడమచెయ్యి చిక్కిపోయింది. ఆలోచించుకునే వ్యవధి లేదు. అప్పలకొండమ్మ కుడిపాదం తనంతట తనే ముందుకి జరిగింది, భుజం దిగింది, యాభై ఏళ్ళుగా అన్నం తినడానికి తప్ప వాడని కుడిచెయ్యి మెరుపులా వచ్చి బొటనవేలు దించింది. నిభారాణి వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూలబడింది.

నిభారాణి చెయ్యి రుద్దుకుంటూ పకపకా నవ్వింది. "ఇదీ నాది! ఈ భుజం దించడం నాది. ఓ అమ్మాయీ, ఇంత బాగా వచ్చి ఎడమచేత్తో ఎందుకు చేశావు?"

అప్పలకొండమ్మ మొహం దొంగతనం బయటపడ్డట్టుంది. ఆమె మొట్టమొదట చూసింది దీదీని కాదు, పోలిరాజుని కాదు. కాసులమ్మని. కాసులమ్మ సంచీలో తల దూర్చి తమలపాకుల కోసం వెతుక్కుంటోంది. ఏమీ చూసినట్టు లేదు. అప్పలకొండమ్మ ఊపిరి వదిలింది.

"అదేటంటే దీదీ, మా లైన్లో అందరూ ఎడంసేతోల్లే. అందుకని," అంది వచ్చీరాని బెంగాలీలో.

"అందరూనా?" నిభారాణి కళ్ళద్దాల మీదనుంచి జనాన్ని చూసింది. "ఏదీ, ఎత్తండి."

అత్తగారి చూపు ఎటు వెళ్ళిందో జగ్గమ్మ చూసింది. అర్థం కావలసినదంతా అర్థమై, పుట్టినప్పటినుంచీ కుడిచేతివాటం మనిషి, అందరికన్నా ముందు ఎడమచెయ్యి ఎత్తింది. అమ్మన్నమ్మ ఎత్తింది. తర్వాత ఆడవాళ్ళందరూ ఎత్తారు. ఎందుకైనా మంచిదని గవరయ్య కూడా చంకలోంచి ఒకటి తీసి ఎత్తాడు. పోలిరాజు ఇన్ని ఎడమచేతులు చూసి పరవశించి, దానికి రాజకీయంగా ఏదో అర్థం చెప్పబోయాడు. మైకు ఆగిపోయింది. గది తాళం అప్పలకొండమ్మకి ఇచ్చారు. క్యారం బోర్డు మళ్ళీ టీ దుకాణానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ జగ్గమ్మ అడిగింది. "కాసులత్త కోసమేనేటి?"

అప్పలకొండమ్మ కడిగిన గిన్నె ఒకటి బోర్లించింది. తర్వాత, చెయ్యి పట్టుకోకుండానే చెప్పింది.

"మొదటిరోజు ఇద్దరం ఎల్లేం. దీదీ దాని సెయ్యి సూసి, నువ్వు పక్కన కూకోని సూడమ్మా అన్నాది. మంచిగానే అన్నాది, జాలిగా. ఇది ఇంటికెల్లి తొమ్మిది రోజులు గుమ్మం దాటలేదు. కుళాయికి కూడా రాలేదు."

"అప్పుడు?"

"అప్పుడేటి. పొద్దున్న కుడిసేత్తో నేర్సుకునీదాన్ని. మద్దేన్నం దాన్ని ఎడంసేతికి మార్సుకునీదాన్ని. పదోరోజు దాని గదిలోకెల్లి సెయ్యి పట్టీసుకున్నాను. 'ఒలే కాసులూ, దీదీ పద్దతి మార్సీసింది, ఇప్పుడంతా ఎడంసెయ్యే' అన్నాను."

"నమ్మీసిందా?"

"నమ్మక? నెల్లో దీదీ వేరే పేటకెల్లిపోనాది. లైన్లో మిగతా ఆడోల్లకి కూడా నానే ఎడంసేత్తో నేర్పీసేను. ఒక్క మనిసి సేస్తే అబద్దం. లైనంతా సేస్తే పద్దతే కదేటి." బోర్లించిన గిన్నె మళ్ళీ తీసి బోర్లించింది. "దానికి సెప్పీకు. ఇన్నేల్ల తరవాత తెలిస్తే సిగ్గుతో సచ్చిపోతాది."

చెప్పనంది జగ్గమ్మ.

మరుసటి ఆదివారం గదిలో మొదటి క్లాసు అయ్యాక, కాసులమ్మని బస్సెక్కించడానికి జగ్గమ్మే వెళ్ళింది. స్టాపులో నిలబడి ఉండగా కాసులమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీ అత్త నీకేటైనా సెప్పిందేటి?"

"నేదు కాసులత్తా."

"సెప్పే ఉంటాది, నీ మొకం సూస్తే తెలస్తంది. ఇను. ఆరోజు స్టేజీ మీద దాని కుడిసెయ్యి ఆడినప్పుడు నాను సంచీలో ఆకులెతుకుతన్నాను, సూసేవా?"

"సూసేను."

"సంచీలో ఆకుల్లేవు."

జగ్గమ్మ ఆ సంచీకేసి చూసింది.

"మీ అత్త నా సెయ్యి పట్టుకున్న మొదటివారమే తెలుసు నాకు. సందులోంచి ఎల్లి సూసేను. దీదీ పద్దతీ మార్సలేదు, ఏటీ మార్సలేదు. ఇదే, ఎర్రటెండలో గోడకేసి తిరిగి ఒక్కర్తీ ఎడంసెయ్యి తిప్పుకుంటంది, పిచ్చిదాన్లాగ. అంత కట్టపడినదానికి ఎలా సెప్తాను, నాకు తెలుసని?"

"యాభై యేల్లు సెప్పలేదా?"

"ఇంకా ఇను. ఈ పట్లంటే నాకు మొదట్నుంచీ ఇట్టం నేదే. అరుపులు, పొడుపులు, నాకెందుకవి? నడుం నొప్పి కూడాను. నాను మానీసేననుకో, అది ఎవరి కోసం ఎడంసేత్తో సేస్తాది సెప్పు? దానికి బాద కదేటి? అందుకని వొస్తన్నాను." కాసులమ్మ నిట్టూర్చింది. "బస్సులో ఒక్కడూ సీటివ్వడు."

జగ్గమ్మ అక్కడే, స్టాపులో ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయింది. ఒక మనిషి చిన్నబోకూడదని లైనంతా ఎడమచేతికి మారింది. ఆ మారినది చిన్నబోకూడదని ఆ మనిషి యాభై ఏళ్ళుగా ఇష్టంలేని విద్య నేర్చుకుంటోంది. ఇద్దరి మధ్యా నలిగింది తన మణికట్టు. అలసట ఎక్కువైపోతే నవ్వొస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"అయితే కాసులత్తా, నాను కుడిసేత్తో సేసుకోవచ్చేటి ఇకనుంచి?"

"ఒలమ్మో!" కాసులమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అది సూస్తే? నోర్మూసుకుని ఎడంసేత్తోనే సెయ్యి. అలవాటైపోనాది కదేటి నీకు."

బస్సొచ్చింది. కాసులమ్మ ఎక్కి, జనంలో దూరి, నిలబడింది.

అప్పలకొండమ్మకి ఇప్పుడు ఎనభై మూడేళ్ళు. గవరయ్య రిటైరయ్యాక లైన్లు ఖాళీ చేసి, మోమిన్‌పూర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో కొడుకూ కోడళ్ళ దగ్గర ఉంటోంది. ఆదివారం పొద్దున్న రిక్షాలో క్లాసుకి వెళ్తుంది. ఈ ఏడు పదకొండుమంది వస్తున్నారు. కాసులమ్మతో కలిపి పన్నెండు.